శనివారం బజారు పని, కాలువ గట్టున నిరసన: ఒక్క పూటలో రెండూ ముగించుకునే విధానం

గోదావరి డెల్టాలోని చిన్న పట్టణాల్లో ఏదైనా ఊరి సమస్య మీద నిరసన తలపెట్టినవారికి మొదట పట్టుకునే బెంగ జనాన్ని ఎలా రప్పించాలన్నది. నిజానికి జనం ఎలాగూ వస్తూనే ఉన్నారు. శనివారం పొద్దున పాలకొల్లుకో, తణుకుకో, అమలాపురానికో, మండపేటకో చుట్టుపక్కల పల్లెల నుంచి రైతు బజారు కోసం, బ్యాంకు పని కోసం, మందుల కోసం, కాలిపోయిన మోటారుకు వైండింగు చేయించడం కోసం వచ్చేవారికి లెక్క ఉండదు. అలా వచ్చిన మనిషి దారిలో ముప్పావు గంట ఆగి, తన మాట చెప్పి, సంతకం పెట్టి, సంచులతో సహా భోజనాల వేళకు ఇల్లు చేరగలిగేలా కార్యక్రమాన్ని అమర్చడమే నిర్వాహకులు చేయవలసిన అసలు పని. పని మానుకుని రావలసిన నిరసనకు మొదటి వారం జనం బాగానే కనిపిస్తారు. మూడో వారానికి నిర్వాహకులు, ఇద్దరు కానిస్టేబుళ్లు, మైకు సెట్టు కుర్రాడు మిగులుతారు.

డెల్టాలో దాదాపు ప్రతి ఊరికీ తెలిసిన సమస్య కాబట్టి, ఇక్కడ ఉదాహరణగా ఊరి మధ్య నుంచి పారే పంట కాలువలో పేరుకున్న గుర్రపుడెక్కను, చెత్తను తీసుకుందాం. సమస్య మంచినీటి చెరువుదైనా, రొయ్యల చెరువుల నుంచి వదిలే ఉప్పునీటిదైనా, కూలిపోతున్న వంతెనదైనా పద్ధతి పెద్దగా మారదు.

కోరిక ఒకటే, అధికారి ఒకరే

అన్నిటికంటే ఎక్కువ సమయం వెచ్చించవలసింది ఈ దశ మీదనే, ఎక్కువ మంది దాటవేసేదీ దీన్నే. "కాలువలను కాపాడండి" అనేది నినాదంగా బాగుంటుంది కాని, దాన్ని చదివిన ఏ అధికారికీ తాను రేపు పొద్దున ఏ కాగితం మీద సంతకం చేయాలో తెలియదు. "మార్కెట్టు వంతెన నుంచి లాకుల వరకు పంట కాలువలో ఉన్న గుర్రపుడెక్కను, చెత్తను ఈసారి కాలువలు కట్టివేసిన కాలంలో తొలగించాలి, అందుకు అంచనాను మార్చి నెలాఖరులోగా తయారుచేసి పంపాలి" అని రాస్తే చోటు, పని, గడువు మూడూ అందులో ఉంటాయి. అధికారి చేయగలనని చెప్పవచ్చు, చేయలేనని చెప్పవచ్చు, అంతేగాని చూద్దామని తప్పించుకోవడం అంత తేలిక కాదు.

ఆ కాగితం ఎవరికి ఇవ్వాలన్నది తేల్చుకోవడం డెల్టాలో కొంచెం చిక్కుతో కూడిన పని. ధవళేశ్వరం నుంచి నీరు తెచ్చే పంట కాలువలో కలుపు, పూడిక తీయించవలసింది జలవనరుల శాఖ. పొలాల్లో మిగిలిన నీటిని సముద్రం వైపు తీసుకుపోయే మురుగు కాలువ, అంటే భీమవరం దగ్గర యనమదుర్రు, అమలాపురం దగ్గర కౌశిక వంటివి, అదే శాఖలో డ్రెయినేజీ విభాగం కిందికి వస్తాయి. దానికి ఇంజనీర్లు వేరు, నిధులూ వేరు. గట్టు మీద చెత్త పోసేవారిని ఆపవలసింది పంచాయతీ లేదా మున్సిపాలిటీ. తాగునీటి పథకం గ్రామీణ నీటి సరఫరా విభాగానిది. అనుమతి లేని రొయ్యల చెరువు మీద ఫిర్యాదు మత్స్యశాఖకు వెళ్లాలి, వదిలిన నీటి వల్ల కాలుష్యం జరుగుతోందంటే కాలుష్య నియంత్రణ మండలికి కూడా వెళ్లాలి. పంట కాలువ గురించి డ్రెయినేజీ ఇంజనీరుకు అర్జీ ఇస్తే ఆయన దాన్ని ఎంతో మర్యాదగా తీసుకుంటారు, ఆ తరువాత అది కదలదు. నిరసనకు రెండు వారాల ముందే ఇద్దరు వెళ్లి, ఆ కాలువ ఏ సెక్షను ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) పరిధిలో ఉందో కనుక్కుని, పేరు కాకపోయినా హోదా అయినా సరిగా రాసుకుని రావాలి. సాగునీటి నిర్వహణలో రైతులకు భాగం ఇచ్చిన 1997 నాటి చట్టం ప్రకారం ఏర్పడిన నీటి సంఘాలకు 2024 డిసెంబరులో ఎన్నికలు జరిగాయి కాబట్టి, మీ కాలువకు సంబంధించిన సంఘం అధ్యక్షుణ్ణి కూడా అదే రోజు కలవడం మంచిది. ఆయన మీతో వచ్చి కూర్చుంటే ఇంజనీర్లు మాట్లాడే తీరు మారుతుంది.

కోరికలో అంచనాకు మార్చి గడువు ఎందుకంటే, డెల్టాలో ఏ పనికైనా కాలం ముడిపడి ఉంటుంది. దాళ్వా (రబీ) పంట చేతికి వచ్చే వేళ, సాధారణంగా ఏప్రిల్‌లో, కాలువలు కట్టివేసి జూన్ మొదట్లో సార్వాకు (ఖరీఫ్‌కు) మళ్లీ నీరు వదులుతారు. పూడిక, కలుపు, లాకుల మరమ్మతు అన్నీ ఆ కొద్ది వారాల్లోనే జరగాలి. మే నెలలో నిరసన చేస్తే టెండర్లకు వ్యవధి లేదంటారు, ఆగస్టులో చేస్తే కాలువలో నీరుందంటారు, రెండు జవాబులూ నిజమే. కాబట్టి కాలువ పనికి నిరసన పెట్టవలసిన నెల ఫిబ్రవరి. జనవరి మధ్య రోజుల జోలికి మాత్రం పోవద్దు; సంక్రాంతి పందెం బరులతో పోటీపడి జనాన్ని రప్పించగలిగిన ఉద్యమం ఈ జిల్లాల్లో ఇంకా పుట్టలేదు.

ఏ శనివారం

రెండో శనివారం ప్రభుత్వ కార్యాలయాలకు సెలవు. రెండో, నాలుగో శనివారాల్లో బ్యాంకులు తెరవరు. నెల 1వ తేదీన సామాజిక పింఛన్లు ఇంటికి తెచ్చి ఇస్తారు, ఆ రోజు సెలవైతే ముందురోజే ఇస్తారు కాబట్టి, ఆ పూట పెద్దవాళ్లు గడప దాటరు. రేషన్ దుకాణాల్లో సరుకులు నెలలో మొదటి పదిహేను రోజులు ఇస్తారు కనుక ఆ లోపు వచ్చే శనివారాల్లో ఆడవాళ్లలో కొందరు అక్కడ వరుసలో ఉంటారు. ఇవన్నీ తీసివేస్తూ పోతే 15 నుంచి 21 లోపు వచ్చే మూడో శనివారం మిగులుతుంది. బ్యాంకు పని, ఆఫీసు పని, కూరగాయలు, నిరసన నాలుగూ ఒకే పూటలో ఇమిడే రోజు నెలలో దాదాపు అదొక్కటే.

దీనికి ఒక మినహాయింపు ఉంది. ఆత్రేయపురం మండలం వాడపల్లి వెంకన్న దర్శనానికి ఏడు శనివారాల మొక్కుతో వచ్చే భక్తుల వల్ల రావులపాలెం, ఆత్రేయపురం వైపు దారులన్నీ శనివారాల్లో కిక్కిరిసి ఉంటాయి. ఆ చుట్టుపక్కల ఊళ్లవారు ఆదివారం పొద్దున పెట్టుకోవడమే మేలు. ఆఫీసు ఉండదు కాబట్టి వినతిపత్రం మరునాడు ఇచ్చుకోవాలి. ఏటి అవతల నుంచి రావలసినవారు ఉంటే పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) వేళలు కూడా కనుక్కోవాలి. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య గాని, కోటిపల్లి, ముక్తేశ్వరం మధ్య గాని పంటు ఆగిందంటే రాజమహేంద్రవరమో, చించినాడ వంతెనో, యానాం వైపు వంతెనో చుట్టి రావలసిందే. వరదల కాలంలో ధవళేశ్వరం బ్యారేజి దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే కార్యక్రమాన్ని వాయిదా వేయాలి. పంట్లు నిలిచిపోతాయన్నది ఒక కారణం. మీ అర్జీ తీసుకోవలసిన ఇంజనీరు ఏటిగట్టు మీద కాపలా ఉంటాడన్నది రెండో కారణం.

పోలీసులకు చెప్పడం

ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చినదే. అయితే శాంతిభద్రతల కోసం దాని మీద సహేతుకమైన ఆంక్షలు పెట్టే అధికారమూ ప్రభుత్వానికి అదే అధికరణం ఇచ్చింది. ఆచరణలో మీకు ఎదురయ్యేది పాత పోలీసు చట్టంలోని సెక్షన్ 30. డెల్టాలో చాలా సబ్‌డివిజన్లలో "సెక్షన్ 30 అమల్లో ఉంది" అనే ప్రకటన తరచుగా వెలువడుతూ ఉంటుంది, అప్పుడు సభకైనా ఊరేగింపుకైనా ముందస్తు అనుమతి తీసుకోవాలి. ఒకప్పుడు 144 సెక్షన్ అని అందరికీ తెలిసిన నిషేధాజ్ఞ 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 163వ సెక్షన్ అయింది. అది మీ ఊళ్లో అమల్లో ఉన్న రోజున గుమికూడవద్దు. ఇద్దరు వెళ్లి వినతిపత్రం ఇచ్చి రావచ్చు, కార్యక్రమాన్ని వచ్చే నెలకు మార్చుకోవచ్చు.

వారం ముందుగా స్టేషనుకు వెళ్లి ఎస్సై గారి పేర ఒక పేజీ దరఖాస్తు ఇవ్వండి, ప్రతిని డీఎస్పీ కార్యాలయానికి కూడా పంపండి. అందులో తేదీ, మొదలయ్యే వేళ, ముగిసే వేళ, చోటు, సుమారుగా వచ్చే జనం, మైకు ఉందో లేదో, బాధ్యులైన ముగ్గురి పేర్లు, ఫోన్ నంబర్లు ఉండాలి. రెండో ప్రతి మీద అందినట్టు ముద్ర వేయించుకుని దగ్గర పెట్టుకోవాలి. ముగిసే వేళను రాయడం ముఖ్యం, ఎందుకంటే పోలీసులకు ఇబ్బందిగా ఉండేది ఎప్పుడు లేస్తారో తెలియని జనమే. కోనసీమలో ఈ జాగ్రత్త మరింత అవసరం. 2022 మే 24న అమలాపురంలో జిల్లా పేరు మార్పు మీద మొదలైన ఆందోళన అదుపు తప్పి ఇళ్లు తగలబడేదాకా పోయింది, తరువాత కొన్ని రోజులు ఇంటర్నెట్ కూడా నిలిచిపోయింది. అప్పటి నుంచి అక్కడ ఇరవై మంది ఒకచోట చేరినా పోలీసులు ఎందుకని అడిగితే వారిని తప్పుపట్టలేం.

మైకుకు విడిగా అనుమతి ఉండాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఎలాగూ వాడకూడదు, ఆసుపత్రికి, బడికి, కోర్టుకు 100 మీటర్ల లోపు పగలు కూడా కుదరదు. యాభై అరవై మంది ఉండే కార్యక్రమానికి మైకు లేకపోతేనే హాయి అని నా అభిప్రాయం. మైకు లేనిచోట ఎవరి ఉపన్యాసమూ ఐదు నిమిషాలు దాటదు.

రాస్తారోకో వద్దు

మన ప్రాంతంలో నిరసనకు రూపాలకు కొదవ లేదు. ధర్నా, రిలే నిరాహార దీక్ష, మానవహారం, వంటా వార్పూ, మోకాళ్ల మీద నిలబడటం, కొవ్వొత్తులతో నడవడం అన్నీ జనం ఎరిగినవే. 2011లో కోనసీమ రైతులు సార్వా సాగునే మానేసి పంట విరామం ప్రకటించినప్పుడు ప్రభుత్వం మోహన్ కందా అధ్యక్షతన కమిటీ వేయవలసి వచ్చింది. కాని ఆ నిరసనకు రైతు ఒక పంటను మూల్యంగా చెల్లించాడు. కాలువలో గుర్రపుడెక్క కోసం అంత అక్కరలేదు.

శనివారం బజారు జనంతో చేయడానికి బాగా కుదిరేది కాలువ గట్టు మీద మానవహారం. వచ్చినవారు వచ్చినట్టు చేతులు కలుపుతారు, వెళ్లవలసినవారు పక్కవారి చేతులు కలిపి వెళ్లిపోతారు, గొలుసు తెగదు. వంటా వార్పూ కూడా మంచిదే కాని రోడ్డు మీద పొయ్యి పెట్టకూడదు. గుడి అరుగు మీదో, కల్యాణ మండపం ఆవరణలోనో ఊరి చెరువు నీళ్లు చూపించి, వాటితో వండలేక టిన్ను నీళ్లు కొంటున్నామని చెబితే చాలు. రాస్తారోకోను మాత్రం పూర్తిగా మానుకోవాలి. దారి అడ్డగించినందుకు కేసు పెట్టవచ్చన్నది సరే, రహదారులను నిరవధికంగా ఆక్రమించి నిరసన చేయరాదని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది కూడా. వాటికంటే పెద్ద కారణం, ఆగిపోయిన బస్సులో ఉన్నది ఎవరో కాదు, మనం రావాలని కోరుకున్న ఆ బజారు జనమే. ముఖ్యంగా 216వ నంబరు జాతీయ రహదారి ఊరి మధ్య నుంచి పోయే చోట్ల గట్టు మీద నిలబడినవారు రోడ్డు మీదికి జారకుండా చూసేందుకు నలుగురు కుర్రవాళ్లకు చేతికి తెల్ల గుడ్డ కట్టి నిలబెట్టాలి.

ఆ పూట

పొద్దున 6 గంటలకు బజారు పని మొదలుపెట్టాలి. తోటకూర, గోంగూర ఎండకు వాడిపోతాయి కాబట్టి వాటిని చివరికి వదిలి, ముందు దుంపలు, వంకాయలు, అరటికాయలు, పచ్చిమిర్చి కొనుక్కోవాలి. ఆకుకూరలు తొందరగా అయిపోతాయన్న బెంగ ఉన్నవారు తెలిసిన అమ్మకందారుతో రెండు కట్టలు పక్కన పెట్టించుకుంటే సరి. పిండిమరలో బియ్యం డబ్బా ఇచ్చేసి రావాలి, తిరిగి వెళ్లేటప్పుడు పిండి తీసుకోవచ్చు. ఇంటికి కావలసిన పని ఏదైనా సరే, ఇచ్చి వదిలి తరువాత తీసుకోగలిగినది ఉంటే దాన్ని నిరసనకు ముందు పెట్టుకోవాలి: కుట్టుపని, మోటారు వైండింగు, కుక్కర్ రబ్బరు మార్పించడం, సైకిలు పంచరు. బ్యాంకు పని వెనక్కు పెట్టుకోవాలి, ఎందుకంటే అక్కడ ఎంతసేపు పడుతుందో మన చేతిలో లేదు.

8 గంటలకు ఇడ్లీయో పెసరట్టో తిని 8.45కు గట్టు దగ్గరికి చేరితే, 9 నుంచి 9.45 వరకు నిలబడటానికి ఎండ కూడా పెద్దగా ఇబ్బంది పెట్టదు. ఇక్కడ నిర్వాహకులు తప్పక చేయవలసిన ఏర్పాటు ఒకటుంది: సంచుల కాపలా. టెంట్ హౌసు నుంచి తెచ్చిన షామియానా కింద చాపలు పరిచి, నమ్మకమైన ఇద్దరిని కూర్చోబెట్టి, ప్రతి సంచికీ ఒక చీటీ కట్టి, రెండో చీటీ మనిషి చేతికి ఇవ్వాలి. చేతిలో పది కిలోల బరువుంటే ఎవరూ మానవహారంలో నిలబడరు, ఆ బరువు దించుకునే చోటు ఉందని తెలిస్తే మాత్రం "ఎలాగూ బజారుకు వస్తాను కదండీ" అంటూ ఆగుతారు. అదే షామియానా కింద కుండలో మజ్జిగ, స్టీలు గ్లాసులు, వాటిని కడగడానికి నీళ్లు ఉండాలి. 2022 జూలై నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసుల మీద నిషేధం ఉంది. అది లేకపోయినా, చెత్త మీద నిరసనకు వచ్చి గ్లాసులు కాలువలో వదిలిపోతే ఆ ఫోటోయే మరునాడు పత్రికలో వస్తుంది.

ఆడవాళ్లు ఎక్కువగా రావాలనుకుంటే దగ్గరలో ఒక ఇంటివారితో మాట్లాడి మరుగుదొడ్డి వాడుకునే ఏర్పాటు ముందే చేయాలి. దీన్ని కరపత్రంలో రాయనక్కరలేదు, పిలవడానికి ఇంటింటికీ వెళ్లే అక్కలు నోటిమాటగా చెబితే చాలు.

అట్టల మీద నినాదాలు రాయించేటప్పుడు ఫ్లెక్సీలకు డబ్బు తగలేయకుండా, గుడ్డ సంచుల మీద ఒక్క వాక్యం అచ్చు వేయించడం మేలు. నిరసన రోజున దాన్ని చేత్తో పట్టుకుని నిలబడతారు, మిగతా వారమంతా అదే సంచితో బజారుకు వెళతారు.

నాయకులు వస్తే

తప్పకుండా వస్తారు. రావద్దనడం పద్ధతి కాదు, వేదిక అప్పగించడమూ పద్ధతి కాదు. ఏ పార్టీ కండువాలూ ఉండవని పిలుపు కాగితంలోనే రాసి, వచ్చిన ప్రతివారికీ రెండు నిమిషాలు, అందరికీ సమానంగా ఇవ్వాలి. మండల విలేకరులకు అరపేజీ ప్రకటన, రెండు ఫోటోలు 11 గంటలలోపు చేరాలి. ప్రకటన మొదటి వాక్యంలో కోరిక, గడువు ఉండాలి, వచ్చిన ప్రముఖుల పేర్లు చివర ఉండాలి.

వినతిపత్రం, ఆ తరువాత

9.45కు హారం విడిచాక అందరూ ఆఫీసుకు పోనక్కరలేదు. ఐదుగురు వెళితే చాలు, వారిలో ఒక రైతు, ఒక మహిళ, నీటి సంఘం తరఫున ఒకరు ఉంటే బాగుంటుంది. సంతకాల కాగితాలకు వరుస సంఖ్యలు వేసి, ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకుని, మొదటి పేజీ మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. అధికారి లేకపోతే ఇన్‌వార్డులో ఇచ్చి నంబరు తీసుకోవాలి. ఆయన వచ్చేదాకా గుమ్మంలో బైఠాయించడం వల్ల శనివారం పూట గుమాస్తాలు విసుక్కోవడం తప్ప ఫలితం ఉండదు. మిగిలినవారు ఈలోగా చీటీలు చూపించి సంచులు తీసుకుని, బ్యాంకు, ఆకుకూరలు, పిండిమర చూసుకుని ఇంటి దారి పట్టవచ్చు. చేపలు ఆదివారానివి కాబట్టి వాటి చింత ఈ రోజుకు లేదు.

సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అదే వినతిపత్రం ప్రతిని నమోదు చేయించి అర్జీ సంఖ్య తీసుకోవాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక భీమవరం, అమలాపురం, రాజమహేంద్రవరం, కాకినాడ, ఏలూరు అన్నీ కలెక్టరేట్లు ఉన్న పట్టణాలే కనుక ఈ ప్రయాణం మునుపటంత దూరం కాదు. ఆధారు జిరాక్సు, ఫోన్ నంబరు వెంట ఉండాలి. ముప్పై మంది విడివిడిగా అర్జీలు పెడితే ముప్పై జవాబులు వస్తాయి, పని మాత్రం ఒకటే. కాబట్టి ఒక్క అర్జీ, ఒక్క సంఖ్య మీదనే నడపాలి.

నెల గడిచినా కదలిక లేకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాలి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. జవాబుకు 30 రోజుల గడువు. "ఎందుకు చేయలేదు" అని అడిగితే ఆ ప్రశ్న ఈ చట్టంలోకి రాదని తిప్పిపంపవచ్చు. ఆ కాలువకు గత మూడేళ్లలో తయారైన అంచనాల ప్రతులు, మంజూరైన మొత్తం, చెల్లించిన బిల్లులు, ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) పేజీల నకళ్లు అడగాలి. పని మంజూరైందని జవాబు వస్తే అదే చట్టం కింద పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు కూడా ఉంది కాబట్టి, కాలువ కట్టివేసిన మొదటి వారంలోనే ఏఈకి లేఖ రాసి రోజు అడిగి, టేపు, అంచనా ప్రతి, ఫోన్ కెమెరా పట్టుకుని మార్కెట్టు వంతెన నుంచి లాకుల దాకా నడిచి రావాలి.